కూర్చోమన్న గొంతు

ఏలూరులో చేపల మేత, మందులు అమ్మే ఒక ఆఫీసులో నేను తొమ్మిదేళ్ళు తలుపు పక్కనే కూర్చున్నాను. ఆఫీసన్నది పేరుకే. రేకుల షెడ్డు, అందులో సగం దాకా మేత బస్తాలు, మిగిలిన సగంలో రెండు చెక్కబల్లలు, ఒక మంచినీళ్ళ కుండ, నా టేబులు, దాని మీద ఫోను. తవుడూ చేపపొడీ కలిసిన వాసన నా చున్నీకి పట్టి ఇంటిదాకా వచ్చేది. మా అమ్మ ఆ చున్నీలను విడిగా నానబెట్టేది. అయినా ఆ టేబులు ముందు కూర్చుంటే నాకు కలెక్టరమ్మనన్నంత గర్వంగా ఉండేది.

ఆ గర్వానికి కారణం ఒక్క మాట. మావైపు ఎవరి గుమ్మంలోకైనా వెళ్ళినవాళ్ళు "కూర్చోండి" అని పిలుపు వచ్చేదాకా కూర్చోరు. వంద ఎకరాల చెరువులున్న ఆసామీ అయినా, కొల్లేటికోట నుంచి తెల్లవారుజామున పడవెక్కి, తర్వాత బస్సెక్కి వచ్చిన ముసలాయనైనా అంతే. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడతారు. "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అని నేను అన్నాకే బల్ల మీద వాలతారు. అప్పుడు గానీ వచ్చిన పని నోట్లోంచి బయటికి రాదు. నా జీతం కాగితంలో ఈ పని రాసి లేదు. కానీ నా పనుల్లో నాకు ఇష్టమైంది ఇదొక్కటే. ఎవరిది ఏ ఊరో, ఎవరి చెరువులో ఏ జబ్బు తగిలిందో, ఎవరి కోడలు నీళ్ళోసుకుందో అంతా ఆ బల్లల మీద నుంచే నా చెవిన పడేది.

ఒకసారి మా ఓనరుగారు మేత కంపెనీ వాళ్ళు పిలిస్తే హైదరాబాదు వెళ్ళొచ్చారు. అక్కడ వాళ్ళ ఆఫీసు చూసి వచ్చినప్పటి నుంచి ఆయనకు మా షెడ్డు కంటికి ఆనలేదు. "మనిషి లోపలికి అడుగు పెట్టగానే మనసు లాగెయ్యాలమ్మా. చూస్తే కళ్ళు తిప్పుకోకూడదు, వింటే చెవులు తిప్పుకోకూడదు" అనేవారు. రెండు నెలలకల్లా ఒక డిజైనరును తీసుకొచ్చారు. కుర్రవాడే, మాట నెమ్మది, చేతిలో ఎప్పుడూ ఒక టేపు. షెడ్డు అంతా కొలుచుకుని, నా టేబులు దగ్గర ఆగి, "ఇక్కడ టీవీ వస్తుందండీ" అన్నాడు. నేనెక్కడ వస్తానో అతను చెప్పలేదు. నేనూ అడగలేదు.

వర్షాకాలం పోయేసరికి షెడ్డు పోయింది, అద్దాల ఆఫీసు లేచింది. గోడకు అతుక్కున్న పలచటి టీవీ ఏలూరులో చాలామంది అప్పటికి సినిమాల్లోనే చూశారు. అది నా టేబులు ఉన్న చోట వెలిగింది. దాంట్లో పొద్దస్తమానం మా చెరువులే: నీళ్ళ మీద ఎండ, వలలో ఎగిరే బొచ్చెలు, శీలావతులు, గట్టు మీద నవ్వుతున్న రైతు. ఆ రైతుని కిరాయికి తెచ్చారని నాకు తెలుసు, ఆయన చెప్పులు కొత్తవి. పైన ఫాల్స్ సీలింగు, అందులో ఎక్కడున్నాయో కనిపించని స్పీకర్లు, సన్నగా వీణ. లోపలి గదిలో ప్రొజెక్టరు, గోడంత తెర. ముందు హాల్లో పాల మీగడ రంగు సోఫాలు. కింద నేలంతా తివాచీ.

ఆ తివాచీ దగ్గర నాకు మొదటి మంట పుట్టింది. మా నాన్న తివాచీలు నేసేవారు, తాతా నేసేవారు. తివాచీలకు పేరుమోసిన ఏలూరులో ఆఫీసు పెట్టుకుని తివాచీ మాత్రం బయటినుంచి చుట్టలు చుట్టలుగా తెప్పించారు. మిషను మీద చేసింది, ముట్టుకుంటే ప్లాస్టిక్కులా జారిపోయేది. ఇంటికొచ్చి చెప్తే నాన్న మగ్గం మీంచి తల కూడా ఎత్తలేదు. "కొల్లేరు బురద కాళ్ళు తొక్కేదానికి మనదెందుకమ్మా, వాళ్ళదే మంచిది" అన్నారు. నాన్నకు కుళ్ళుకోవడం రాదు. ఆ విద్య నాకు అమ్మ తరఫు నుంచి వచ్చి ఉండాలి.

ఇంతకీ అసలు సంగతి గొంతు. తలుపు తెరవగానే ఒక ఆడగొంతు పలకరించాలని డిజైనరు చెప్పాడు. తలుపు మీద చిన్న కన్నులాంటిది పెడతారట, మనిషి అడుగు పడగానే అది చూసి, సీలింగులోంచి గొంతు వస్తుందట. ఆ మాట వినగానే అది నా గొంతే అని నేను తీర్మానించేసుకున్నాను. తొమ్మిదేళ్ళుగా పలకరిస్తున్నది నేను. ఇంకెవరిది పెడతారు?

వారం రోజులు ఇంట్లో అద్దం ముందు సాధన చేశాను. "నమస్కారమండీ, మా ఆఫీసుకు స్వాగతమండీ." ఒకసారి తీపిగా, ఒకసారి గంభీరంగా. మగ్గం గదిలోంచి నాన్న "ఎవరొచ్చారే?" అని అడిగేవారు. "ఎవరూ రాలేదు" అనేదాన్ని. "మరి ఎవర్ని పిలుస్తున్నావు?" అంటే గొంతు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఆఫీసులో ఇంకో అమ్మాయి ఉండేది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చి పవర్‌పేట స్టేషన్లో దిగేది. చేరి అప్పటికి ఏడాది. ఫోను ఎలా ఎత్తాలో, బస్తాల ఆర్డరు ఎలా రాసుకోవాలో, ఏ రైతును బాబాయ్‌గారనాలో ఎవర్ని తాతగారనాలో అన్నీ నేనే నేర్పాను. మంచి పిల్ల. నన్ను "అక్కా, మీరు" అనే పిలిచేది. నా టిఫిను డబ్బా కూడా తనే కడిగి పెట్టేది.

మందుల స్టోర్ రూములో దుప్పట్లు వేలాడదీసి రికార్డు చేశారు. ముందు నాది, తర్వాత, ఊరికే చూద్దామని, ఆ పిల్లది. డిజైనరు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని రెండూ రెండేసిసార్లు విన్నాడు. కళ్ళు తెరిచి ఓనరుగారితో అన్నాడు.

"ఈవిడ గొంతులో ఇల్లు వినిపిస్తోందండీ. ఆవిడ గొంతులో ఆఫీసు వినిపిస్తోంది."

ఓనరుగారు నా వైపు చూసి నవ్వారు. "అదేనమ్మా, మనకు కావాల్సింది ఆఫీసు కదా" అన్నారు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి నాకు ఎంత బలం పట్టిందో ఆ దేవుడికే తెలుసు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని "అక్కా, మీదే బావుందండీ, నేను వద్దని చెప్తాను" అంది. "పిచ్చిదానా, ఎవరిదైతే ఏమిటి" అన్నాను. ఏకై వచ్చి మేకైందని కడుపులో అనుకున్నాను. పైకి ఎంత తీయగా అన్నానో లోపల అంత చేదుగా ఉంది.

ఆఫీసు ప్రారంభమైన రోజు నుంచి నాకు నరకం మొదలైంది. నన్ను హాలు చివర ఒక నల్ల అద్దం వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. లోపలినుంచి నాకు హాలంతా కనిపిస్తుంది, బయటివాళ్ళకు నేను కనబడను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆ గొంతు వచ్చేది. రోజుకు వంద సార్లో, రెండొందల సార్లో. ఆ పిల్ల మామూలుగా మాట్లాడితే అంత బాగుండదు, ముక్కుతో మాట్లాడుతుంది. స్పీకర్లలోంచి వచ్చేసరికి అది పట్టుచీర కట్టుకున్నట్టు వచ్చేది. ఆ స్పీకరు పాడైపోవాలని, ఎలుక వైరు కొరకాలని, కరెంటు పోవాలని కోరుకునేదాన్ని. కరెంటు పోయేది. వెంటనే జనరేటరు వచ్చేది, దాంతోపాటు ఆ గొంతూ వచ్చేది. ఆ పిల్ల పక్కన కూర్చుని అన్నం తింటుంటే నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. పచ్చడి వేస్తే వద్దనేదాన్ని. ఏమీ ఎరగనట్టు మళ్ళీ వేసేది.

అయితే డిజైనరు ఒక సంగతి మరిచిపోయాడు. గొంతు నమస్కారం పెడుతుంది, స్వాగతం చెబుతుంది, ఆగిపోతుంది. కూర్చోమని అనదు. హైదరాబాదులో అనక్కర్లేదేమో. ఇక్కడ మనిషి లోపలికొచ్చి, చెప్పులు బయట విడిచి, గొంతు వినగానే సీలింగు వైపు చూసి, "ఆయ్, నమస్కారమండీ" అని తిరిగి నమస్కారం పెట్టేవాడు. తర్వాత పలకరించిన మనిషి ఇప్పుడే వచ్చి కూర్చోమంటుందని తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడేవాడు. సోఫాలు ఖాళీగా ఉండేవి. వాటి రంగు చూసి కూడా జంకేవాళ్ళు, పంచెకు బురద ఉంటుంది కదా. టీవీలో అద్దె రైతు నవ్వుతుంటే అసలు రైతులు కాళ్ళు మార్చుకుంటూ నిలబడేవారు.

మొదటి వారం నేనే లేచి వెళ్ళి "కూర్చోండి" అనేదాన్ని. నిజం చెప్పాలంటే అందులో సేవ తక్కువ, గెలుపు ఎక్కువ. చూశారా, నేను లేకపోతే మీ గొంతు దేనికీ పనికిరాదు అని. డిజైనరు ఒకరోజు అది చూసి ఓనరుగారి చెవిలో ఏదో అన్నాడు. ఓనరుగారు నన్ను పిలిచి మెల్లగా చెప్పారు.

"మీరు మాటిమాటికీ లేవక్కర్లేదమ్మా. మీరొస్తుంటే వాళ్ళు ఎప్పటికీ అలవాటు పడరంట. వాళ్ళే కూర్చుంటారు, వదిలెయ్యండి."

"అలాగేనండీ" అన్నాను. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఇక చచ్చినా లేవనని ఒట్టు పెట్టుకున్నాను. వాళ్ళంతా నిలబడాలి, నిలబడి నిలబడి వెళ్ళిపోవాలి, ఓనరుగారు తన కళ్ళతో చూడాలి. ఆ పిల్ల గొంతు ఈ హాల్లో పనికిరాదని ఆయన నోటితో అనాలి. అదొక్కటే నా కోరిక. పూట పూటా అదే జపం.

మూడు రోజులుగా మబ్బు పట్టి ఎండ లేని ఒక ఉదయం కొల్లేటికోట ముసలాయన వచ్చాడు. కొల్లేరు సరస్సులో తవ్వుకున్న చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేశాక ఊరికి దూరంగా ఒకరి చెరువు కౌలుకు తీసుకుని చేప వేసుకున్నాడు. షెడ్డు రోజుల్లో నాకు తామరకాయలు తెచ్చిపెట్టేవాడు, గింజలు ఎలా వలుచుకోవాలో చూపించేవాడు. ఆ రోజు ఆయన చేతిలో ఒక సీసా, అందులో పచ్చటి చెరువు నీళ్ళు. ఆ సీసా చూస్తేనే నాకు అర్థమైంది. మబ్బు రోజుల్లో నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళు పరీక్ష చేయించి, మా టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలని వచ్చాడు. ఇలాంటప్పుడు గంట గంటకూ లెక్కే.

"నమస్కారమండీ, మా ఆఫీసుకు స్వాగతమండీ" అంది సీలింగు.

"ఆయ్, నమస్కారమండమ్మా" అన్నాడు ముసలాయన. చుట్టూ చూశాడు. నిలబడ్డాడు.

హాల్లో ఎవరూ లేరు. లోపల ప్రొజెక్టరు గదిలో ఓనరుగారు కంపెనీ పెద్దలకు సినిమా వేసి చూపిస్తున్నారు. ఆ పిల్ల వాళ్ళకు టీలు అందిస్తోంది. టెక్నీషియన్ వెనక గదిలో మందులు సర్దుకుంటున్నాడు, పెంటపాడు వైపు ఎవరో పొలాన్ని చేపల చెరువుగా మారుస్తుంటే చూడటానికి వెళ్ళాలి. ఇవన్నీ నాకు తెలుసు. నేను లేచి నాలుగడుగులు వేస్తే చాలు.

లేవలేదు. ఇంకో ఐదు నిమిషాల్లో ఓనరుగారు పెద్దల్ని తీసుకుని బయటికి వస్తారు, ఈ నిలబడ్డ ముసలాయన్ని వాళ్ళందరి ముందూ చూస్తారు అనుకున్నాను. ఐదు అయింది, పది అయింది. ఆయన ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు దాకా వెళ్ళాడు. కన్ను చూసింది, గొంతు మళ్ళీ స్వాగతం చెప్పింది. ఆయన మళ్ళీ "ఆయ్, నమస్కారమండీ" అన్నాడు. మూడోసారి కూడా జవాబు చెప్పాడు. కేకెయ్యలేదు. ఒకసారి పలకరించిన మనిషిని మళ్ళీ కేకేస్తే మర్యాద కాదు కదా. సీసాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. వెనక తలుపు దగ్గర టెక్నీషియన్ బండి స్టార్టయిన చప్పుడు నాకు వినిపించింది. అప్పుడైనా లేచి పరిగెత్తి ఆపవచ్చు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నా కోపమంతా తెచ్చి ఆ ముసలాయన కాళ్ళ మీద పెట్టాను. లేవక్కర్లేదన్నారుగా, లేవను.

ఒకటింపావు గంట తర్వాత ఖాళీ కప్పుల ట్రేతో ఆ పిల్ల బయటికొచ్చింది. "అయ్యో తాతగారూ! ఎంతసేపైందండీ? కూర్చోండి, కూర్చోండి" అంటూ ట్రే అక్కడే పెట్టేసి సీసా అందుకుంది. టెక్నీషియన్‌కు ఫోను మీద ఫోను చేసింది, సిగ్నలు అందలేదు. ఓనరుగారిని మీటింగులోంచి లేపి మందు ఇప్పించింది, ఆటో పిలిచి ఎక్కించింది. అంతా అయ్యాక నల్ల అద్దం వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. నేను కనబడనని తనకు తెలుసు. ఉన్నానని కూడా తెలుసు. ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా అనలేదు. మధ్యాహ్నం ఎప్పట్లాగే పచ్చడి వేసింది. ఆ మంచితనం మీద కూడా నాకు కుళ్ళే పుట్టింది.

ముసలాయన చేరేసరికి చెరువు మీద చేప తెల్లగా తేలిపోయిందని సాయంత్రం తెలిసింది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ముందే వెళ్ళినా బతికేవో లేదో అన్నారు ఎవరో. ఆ మాటను చాలా రోజులు పట్టుకుని వేలాడాను.

నెల తిరక్కుండా ఆయన ఖాళీ మేత సంచులు తిరిగి ఇచ్చెయ్యడానికి వచ్చాడు. ఆ రోజు నేను అద్దం గదిలో ఉండలేకపోయాను, బయటికి వచ్చాను. నన్ను చూసి ఆయన మొహం వెలిగింది.

"ఇక్కడే ఉన్నారా అమ్మాయిగారూ! మీరు మానేశారేమో అనుకున్నానండి."

"లేదండీ. ఎందుకలా అనుకున్నారు?"

"మరేనండీ, ఆయాల వచ్చినప్పుడు వేరే గొంతు పలకరించిందండి. మీది కాదని అప్పుడే పోల్చుకున్నాను. మీరుంటే కూర్చోమనకుండా ఉంటారేంటండీ?"

ఇన్నాళ్ళూ నేను వినాలనుకున్న మాట అదే. ఆ గొంతు వేరు, నా గొంతు వేరని ఒక మనిషి నోటితో అనాలి. అన్నాడు. అంతకంటే ఆయన నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది. "నేను ఆ రోజు ఇక్కడే ఉన్నానండీ" అనాలనుకున్నాను. "మంచినీళ్ళు తెస్తానండీ" అన్నాను.

ఈ సంగతి ఓనరుగారి దాకా వెళ్ళింది, నా భాగం తప్ప. ఆయన డిజైనరును పిలిపించి, "బాబూ, మా వాళ్ళకు కూర్చోమని చెప్పాలండీ" అన్నారు. డిజైనరు తల గోక్కుని, "ఆ మాటకు మాత్రం ఇల్లు వినిపించాలి సార్" అన్నాడు. మళ్ళీ స్టోర్ రూములో దుప్పట్లు కట్టారు. ఈసారి నన్నొక్కదాన్నే నిలబెట్టారు. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది. నేను ఒకే ఒక్క మాట అన్నాను. మొదటిసారికే కుదిరిందన్నాడు. కోరుకున్నది దొరికితే సంతోషం రావాలి. దుప్పట్ల మధ్య నుంచి బయటికి వచ్చేసరికి నాకు ఒళ్ళంతా చెమట.

వేసవి వచ్చింది. ముసలాయన ఇంకొకరి చెరువుకు కాపలా ఉంటున్నాడు. ఆ ఆసామీ కోసం మందు తీసుకెళ్ళడానికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. అద్దంలోంచి ఆయన గుమ్మం బయట చెప్పులు విడవటం చూసి నేను లేచాను. ఈసారి నేనే వెళ్ళి, నా నోటితో కూర్చోమనాలి. గది తలుపు తోసుకుని హాల్లోకి వచ్చాను.

ఆ పిల్ల గొంతు నమస్కారం పెట్టింది. నేను ఇంకో రెండడుగులు వేసి నోరు తెరిచాను. పైనుంచి నా గొంతు వచ్చింది. "కూర్చోండి."

ముసలాయన సీలింగు వైపు తలెత్తి, చేతులు జోడించి, "ఆయ్, కూర్చుంటానమ్మా" అన్నాడు. తువ్వాలు పరుచుకుని సోఫా అంచున కూర్చున్నాడు. నా మాటను నా గొంతే నాకంటే ముందు అనేసింది. ఆ జవాబు నాకు రావలసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద ఏడ్చినదాన్ని, ఆ క్షణంలో నా గొంతు మీదే ఏడ్చాను.

అప్పుడు ఆయన తల దించి, టీవీ పక్కన నిలబడ్డ నన్ను చూశాడు. తువ్వాలు లాక్కుంటూ సోఫాలో పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అమ్మాయిగారూ, నిలబడిపోయారేంటండీ? కూర్చోండి."

నేను కూర్చోలేకపోయాను.